వ్యాధి నివాసాన్ని వెదకిన ఆచార్యుడు మోర్గాని

అచ్చంపేట ప్రాంతం నుండి యౌవనంలోనే ఆనకట్టల పనులకు తరలిపోయి, దాదాపు నలభై ఏళ్ళు రాళ్ళూ మన్నూ మోసి తిరిగివచ్చిన ఒక పెద్దాయనను మేము ఎరుగుదుము. పాలమూరు కూలీ చెమట పడని ప్రాజెక్టు దేశంలో అరుదు. ఆయన చెమట కూడా అలాగే పలు రాష్ట్రాల మట్టిలో కలిసింది. వయస్సు యాభై దాటిన తరువాత ఆయనకు ఒక వింత బాధ పట్టుకున్నది. కడుపునిండా అన్నం తింటే ఛాతీలో బరువు, వెల్లకిల పడుకుంటే దమ్ము, అప్పుడప్పుడు పొట్ట ఉబ్బరం. ఊరి వైద్యుడు గ్యాసు అన్నాడు. ఒక పట్టణపు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి అడుగున నీడ కనబడగా క్షయ అన్నారు. కఫంలో క్రిములు కనబడకున్నా ఆరు నెలలు క్షయ మందులు మింగించారు. నీడ పోలేదు, దమ్ము తగ్గలేదు. మరొకచోట ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని సూది గుచ్చబోయి, ఎందుకో అనుమానించి ఆగారు. ఆ అనుమానమే ఆయన ప్రాణాన్ని కాపాడింది. చివరకు హైదరాబాదులో సి.టి. స్కాన్ తీయగా అసలు సంగతి తేలింది. ఆ నీడ క్షయా కాదు, నీరూ కాదు; పెద్దప్రేగు. కడుపులో ఉండవలసిన ప్రేగు ఛాతీలోకి చేరి కూర్చున్నది. వైద్యులు దానిని మోర్గాని హెర్నియా అన్నారు.

శస్త్రచికిత్సకు ముందు పరామర్శకు వెళ్ళిన మమ్మల్ని ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. తన ఛాతీలో ఉన్న రోగానికి ఎవరి పేరో పెట్టారట, ఆ మోర్గాని ఎవరని. ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

జొవాన్ని బత్తిస్తా మోర్గాని 1682వ సంవత్సరం ఫిబ్రవరి 25న ఇటలీ దేశంలోని ఫోర్లి పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోగా తల్లి పెంపకంలో పెరిగాడు. బాలుడుగా ఉన్నప్పుడే కవిత్వం, తర్కం, ప్రాచీన భాషలు ఆయనను ఆకర్షించాయి. జీవితాంతం లాటిన్‌లో వ్రాసిన ఆయన గద్యంలో ఆ సాహిత్య సంస్కారం కనబడుతుందని విజ్ఞులు చెబుతారు. ప్రాచీన రోము వైద్య రచయిత సెల్సస్ గురించి ఆయన వ్రాసిన పాండిత్య లేఖలు వేరుగా ఉన్నాయి. వైద్యుడైనవానికి సాహిత్యమెందుకని అడిగే విద్యార్థులు మన కళాశాలలోనూ ఉన్నారు గనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

పదహారవ ఏట ఆయన బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1701లో, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో, తత్త్వశాస్త్రంలోనూ వైద్యంలోనూ పట్టం పొందాడు. అక్కడ ఆయనకు లభించిన గురువు ఆంతోనియో వల్సాల్వా. చెవి నిర్మాణాన్ని లోతుగా పరిశోధించిన మహనీయుడాయన. ముక్కు, నోరు మూసి గాలిని బలంగా ఊదితే చెవులు తెరుచుకొనే ఉపాయానికి నేటికీ ఆయన పేరే ఉన్నది. వల్సాల్వా స్వయంగా మాల్పీఘీ శిష్యుడు. సూక్ష్మదర్శినితో కేశనాళికలను చూపిన ఆ మాల్పీఘీ పేరు మన విద్యార్థులు మూత్రపిండం పాఠంలో చదువుతూనే ఉన్నారు. అంటే మాల్పీఘీ, వల్సాల్వా, మోర్గాని, ముగ్గురూ ఒకే గురుపరంపరకు చెందినవారు. 1704లో వెలువడిన వల్సాల్వా చెవి గ్రంథానికి మోర్గాని చేదోడుగా నిలిచాడు. 1723లో గురువు మరణించిన తరువాత ఆయన రచనలను సరిచూసి, జీవితచరిత్రను జోడించి 1740లో ప్రకటించాడు. తన మహాగ్రంథంలో కూడా గురువు చేసిన శవపరీక్షలను గురువు పేరుతోనే చేర్చాడు. శిష్యుడు గురువుకు ఋణం తీర్చుకొనే విధానం ఇది.

1706లో, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, మోర్గాని తన మొదటి శరీర నిర్మాణ గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ ఒక్క గ్రంథంతో యూరపు పండితులకు ఆయన పేరు తెలిసింది. తరువాత కొంతకాలం సొంత ఊరైన ఫోర్లిలో వైద్యవృత్తి చేసి మంచిపేరు తెచ్చుకున్నాడు. పావొలా అనే ఉన్నత కుటుంబ కన్యను వివాహమాడాడు. వారికి పదిహేనుమంది సంతానం. పన్నెండుమంది కుమార్తెలు, ముగ్గురు కుమారులు. కుమార్తెలలో ఎనిమిదిమంది సన్యాసినులయ్యారు. ఇంతటి సంసారం మధ్య ఆయన అంతటి గ్రంథరచన ఎలా గావించాడో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

వెనిస్ గణరాజ్యపు ఏలుబడిలో ఉన్న పడువా విశ్వవిద్యాలయం ఆయనను 1711లో ఆహ్వానించింది. 1222లో స్థాపితమైన ఆ విద్యాపీఠం ఆనాటికే దాదాపు ఐదు వందల ఏళ్ళ నాటిది. మొదట ఆయనకు లభించినది వైద్య సిద్ధాంత పీఠం. ఇక్కడ మన పాఠకులు గమనించవలసిన విశేషం ఒకటి కలదు. ఆ పీఠం నుండి బోధించవలసిన గ్రంథాలు హిపోక్రటిస్, గాలెన్, ఇబ్న్ సీనాలవి. బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా పదకొండవ శతాబ్దంలో అరబ్బీలో వ్రాసిన అల్ ఖానూన్ ఫిత్తిబ్ అనే వైద్య సంహిత లాటిన్ అనువాదంలో ఇటలీకి చేరి, పడువాలో పద్దెనిమిదవ శతాబ్దం దాకా పాఠ్యగ్రంథంగా నిలిచింది. మన ఊళ్ళలో హకీములు చేతపట్టిన సంహితయే అక్కడి విద్యార్థుల చేతిలోనూ ఉండేది. మోర్గాని పాత గ్రంథాలను తూలనాడలేదు. అయితే గ్రంథం చెప్పినది దేహంలో ఉన్నదో లేదో తెరచి చూడవలెనన్నది ఆయన పట్టుదల.

1715లో ఆయనకు శరీర నిర్మాణ శాస్త్ర ప్రథమ పీఠం లభించింది. వెసాలియస్, ఫాబ్రిషియస్ వంటి ఉద్దండులు బోధించిన స్థలం అది. ఫాబ్రిషియస్ కాలంలో, అంటే పదహారవ శతాబ్దాంతంలో, కొయ్యతో కట్టిన శరీర పరిచ్ఛేద మందిరం పడువాలో నేటికీ ఉన్నది. అండాకారంలో, ఒకదానిపై ఒకటిగా ఆరు వరుసలు. విద్యార్థులు కటకటాలను ఆనుకొని నిలబడి కిందికి వంగి చూసేవారు. రక్తప్రసరణను నిరూపించిన హార్వీ కూడా పడువాలో చదివినవాడే. ఆ మందిరం అడుగున బల్ల పక్కన నిలబడి మోర్గాని యాభై ఆరేళ్ళు పాఠం చెప్పాడు. నానా దేశాల విద్యార్థులు ఆయన కోసం వచ్చారు. లండన్, పారిస్, సెంట్ పీటర్స్‌బర్గ్, బెర్లిన్ నగరాల విద్వత్పరిషత్తులు ఆయనను సభ్యునిగా ఎన్నుకొని గౌరవించాయి.

ఆనాటి వైద్యం స్థితి ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. రోగం అంటే దేహంలోని ద్రవాలు నాలుగూ సమతూకం తప్పటం అని పండితుల నమ్మకం. రోగి ఎక్కడ నొప్పి అన్నా వైద్యం దాదాపు ఒకటే: రక్తం తీయటం, విరేచనం ఇవ్వటం. రోగం దేహమంతటా ప్రవహించే దోషమని తలచినప్పుడు అది ఫలానా చోట ఉన్నదా అనే ప్రశ్నే పుట్టదు. మోర్గాని ఆ ప్రశ్నను వేశాడు. రోగి బ్రతికి ఉండగా ఏమేమి బాధలు చెప్పాడో వివరంగా వ్రాసుకొనేవాడు. మరణించిన తరువాత దేహం తెరచి, ఏ అవయవం ఏ విధంగా చెడిందో చూసి, రెంటినీ పక్కపక్కన పెట్టేవాడు. ఒకటి రెండు కాదు. దాదాపు ఏడు వందల ఉదంతాలు.

చెవి విషయంలో ఆయన చేసిన నిర్ణయం ఒక్కటి చూడండి. చెవి నుండి చీము కారుతూ ఉన్నవాడు మెదడులో చీము గడ్డతో చనిపోతే, చీము మెదడులో పుట్టి చెవి ద్వారా బయటకు వస్తున్నదని ఆనాటివారు భావించేవారు. మోర్గాని ఆ మార్గాన్ని తలక్రిందులు చేశాడు. రోగం చెవిలో పుట్టి మెదడుకు ప్రాకుతున్నదని చూపాడు. చెవి కారుతున్న పిల్లలను అదే తగ్గిపోతుందని వదలివేసే తల్లిదండ్రులు మన పల్లెలలో ఇంకా ఉన్నారు. మూడు వందల ఏళ్ళనాటి ఆ శవపరీక్ష వారికి కూడా సంబంధించినదే.

ఈ శ్రమ అంతా గ్రంథరూపం దాల్చటానికి ఆయనకు 79 ఏళ్ళు రావలసి వచ్చింది. 1761లో వెనిస్ నగరంలో అచ్చయిన ఆ గ్రంథం పేరు లాటిన్‌లో చాలా పొడుగు. తెలుగులో చెప్పాలంటే, శవ పరిచ్ఛేదం ద్వారా అన్వేషించిన వ్యాధుల నివాసాలు, కారణాలు. ఐదు భాగాలు, డెబ్బై లేఖలు. ఒక యువ మిత్రునికి వ్రాసినట్లుగా సాగే లేఖలవి. శిరస్సుతో మొదలుపెట్టి ఛాతీకి, అక్కడి నుండి ఉదరానికి దిగుతాయి. చివర చేర్చిన సూచికలు మరీ ఉపయోగకరమైనవి. రోగి చెప్పిన లక్షణం పట్టుకొని వెదికితే లోపల ఏమి చెడి ఉండవచ్చునో తెలుస్తుంది. లోపల చెడినదానిని పట్టుకొని వెదికితే అది బయట ఏ లక్షణాలు చూపుతుందో తెలుస్తుంది. 1769లో దానికి ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

ఇక మన పెద్దాయన రోగం దగ్గరకు వద్దాము.

ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగులాగా పరచుకొన్న కండర పొర ఒకటి ఉన్నది. మన పాఠ్యపుస్తకాలలో దానిని విభాజక పటలం అంటారు. యునానీ హకీములు హిజాబె హాజిజ్ అంటారు. హిజాబ్ అంటే తెర, హాజిజ్ అంటే అడ్డుగా నిలిచినది. ఇంతకంటే చక్కని పేరు ఏ భాషలోనూ లేదనిపిస్తుంది. మనం గాలి పీల్చినప్పుడల్లా ఈ తెర కిందికి దిగుతుంది, విడిచినప్పుడల్లా పైకి లేస్తుంది. గర్భంలోని శిశువుకు ఈ తెర ఒకే ముక్కగా ఏర్పడదు. పలు దిక్కుల నుండి పెరిగిన పొరలు మూడవ నెల నాటికి కలిసి అతుక్కుంటాయి. ఎక్కడైనా అతుకు పడకపోతే అక్కడ రంధ్రం మిగులుతుంది. వెనుక పక్కన, ఎక్కువగా ఎడమవైపు మిగిలే రంధ్రానికి ప్రాగ్ నగరపు ఆచార్యుడు బోహ్డాలెక్ పేరు వచ్చింది. ఆయన 1848లో దానిని వర్ణించాడు. ఆ రంధ్రం పెద్దదైతే శిశువు పుట్టిన గంటలలోనే ఊపిరాడక నీలబడుతుంది. ముందుపక్కన, రొమ్ము ఎముక వెనుక, ఎక్కువగా కుడివైపు మిగిలే రంధ్రం మోర్గానిది. ఇది అరుదైనది. పుట్టుకతో వచ్చే ఇటువంటి హెర్నియాలన్నింటిలో నూటికి ఐదుకు మించదు. అయితే దీని స్వభావం వేరు. ఏళ్ళ తరబడి ఏ బాధా పెట్టకుండా దాగి ఉంటుంది.

మోర్గానికి ముందు ఇటువంటివి ఎవరూ చూడలేదని కాదు. 1679లో బోనే అనే వైద్యుడు పూర్వుల శవపరీక్షలను పోగుచేసి ప్రకటించిన పెద్ద సంకలనంలో, రివియేర్ అనే ఫ్రెంచి వైద్యుడు చూసిన ఇరవై నాలుగేళ్ళ యువకుని ఉదంతం ఉన్నదని చెబుతారు. ఆ సంకలనంలో తప్పులు, తొందరపాట్లు ఎక్కువ. దానిని సరిదిద్దాలనే సంకల్పమే మోర్గాని మహాగ్రంథానికి బీజమైనది. అందులో ఆయన ఈ తెరలోని రంధ్రాలను వేరువేరుగా పరిశీలించాడు. రొమ్ము ఎముక వెనుకనున్న హెర్నియాను ఆయన గమనించినది తలకు దెబ్బ తగిలి చనిపోయిన ఒక వ్యక్తి దేహంలో అని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఈ వివరం మా మనస్సును పట్టుకొన్నది. చనిపోయినది తల దెబ్బ వల్ల. తలను చూసి ఊరుకొంటే ఆనాటి పని ముగిసేది. ఆయన ఛాతీ కూడా తెరచి చూశాడు.

బ్రతికి ఉన్న మనిషిలో దీనిని కనిపెట్టటానికి తరువాతి తరాలు చాలా శ్రమించవలసి వచ్చింది. 1816లో లేనెక్ స్టెతస్కోపును కనుగొన్న తరువాత, ఛాతీ మీద గొట్టం పెడితే ఊపిరి సవ్వడికి బదులు ప్రేగుల గుడగుడ వినబడటం ఒక గుర్తు అయింది. 1895లో రాంట్‌జెన్ కిరణాలు వచ్చాయి. అయినా ఎదుటి నుండి తీసిన ఎక్స్‌రేలో ఈ హెర్నియా క్షయ మచ్చలాగా, నీరులాగా, కొవ్వు గడ్డలాగా, గుండె పక్కన కంతిలాగా భ్రమింపజేస్తుంది. పక్క నుండి మరొక ఎక్స్‌రే తీస్తే ఆ నీడ రొమ్ము ఎముక వెనుకనే ఉన్నదని, అందులో గాలి బుడగలు ఉన్నాయని తెలియవచ్చు. బేరియం త్రాగించి గాని, ఎనీమాగా ఎక్కించి గాని తీసిన చిత్రంలో ప్రేగు దారి కనబడుతుంది. సందేహం పూర్తిగా తీర్చేది సి.టి. స్కాన్. మా పెద్దాయన విషయంలో పక్క నుండి చిత్రం తీయాలని తొలినాళ్ళలో ఎవరికీ తోచలేదు. క్షయ అధికంగా ఉన్న మన ప్రాంతంలో ఛాతీలో ప్రతి నీడా క్షయగా కనబడటం సహజమే కావచ్చు. కాని కఫంలో క్రిమి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు, బాధ భోజనం తరువాతనే వస్తున్నది. ఈ నాలుగూ ఆయన ప్రతిచోటా చెప్పాడు. వినవలసినవారు నీడను చూశారు గాని మాటను వినలేదని మా అభిప్రాయం.

సూది సంగతి కూడా చెప్పి తీరాలి. ఛాతీలో ఉన్నది నీరనుకొని, లేదా గాలి అనుకొని గొట్టం దించితే, అది జీర్ణకోశాన్నో ప్రేగునో చీల్చవచ్చు. ఆ మలినం ఛాతీలో వ్యాపిస్తే మనిషి దక్కటం కష్టం.

పుట్టుకతో ఉన్న రంధ్రం యాభై ఏళ్ళ దాకా ఎందుకు ఊరుకున్నదని ఆ ఇంటివారు అడిగారు. మొయ్యరాని బరువులు మోసినందువల్లనే రంధ్రం పడిందని వారి నమ్మకం. సగం నిజమే. రంధ్రం పుట్టకముందే ఉన్నది. బరువు ఎత్తినప్పుడు, గట్టిగా దగ్గినప్పుడు, స్త్రీలకు గర్భం నిండినప్పుడు, ఒళ్ళు వచ్చినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. మొదట కొవ్వు పొర, ఆ వెనుక పెద్దప్రేగు కొద్దికొద్దిగా ఆ సందులోకి జరుగుతాయి. అలా జరిగిన ప్రేగు మెలికపడి రక్తం అందక కుళ్ళిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుచేతనే బాధ లేకున్నా, పెద్దవారిలో కనబడిన ఈ హెర్నియాను సరిచేయటమే మేలని శస్త్రవైద్యులలో అధికులు చెబుతారు. దీనిని నయంచేసే మాత్ర లేదు. పొట్ట వైపు నుండి వెళ్ళి, జారిన ప్రేగును కిందికి దింపి, రంధ్రాన్ని కరిగిపోని దారంతో కుట్టాలి. రంధ్రం పెద్దదైతే సన్నని వల అతకాలి. పూర్వం పొట్టను బారెడు కోసేవారు. 1992లో దుర్భిణి గొట్టంతో చిన్న గాట్ల ద్వారా దీనిని సరిచేసిన ఉదంతం ప్రకటితమైన తరువాత ఆ పద్ధతి అన్ని దేశాలకూ వ్యాపించింది.

లక్షణం ఒకచోట, రోగమూలం మరొకచోట ఉండగలదనే సంగతి నల్లగొండవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నడుము వంగిపోయి, మెడ తిరగక, కాళ్ళు చచ్చుబడిన మనుషులను ఆ జిల్లా తరతరాలుగా చూసింది. వారి బాధ వెన్నులో, కీళ్ళలో. దాని మూలం బావినీటిలోని ఫ్లోరైడులో. డాక్టర్ సిద్దీఖీ 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసం ఆ దారిలో ముఖ్యమైనది. పడువా ఆచార్యుని గ్రంథం వారి ముందు ఉన్నదో లేదో గాని, ప్రశ్న మాత్రం అదే.

ఆ శాస్త్రం హైదరాబాదుకు వచ్చిన దారి కూడా తెలుసుకోదగినది. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల వెలసినప్పుడు అక్కడి బోధన ఉర్దూలో సాగింది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూనే బోధనా భాషగా స్వీకరించింది. అనువాద శాఖ అయిన దారుల్ తర్జుమా పండితులు యూరపు శాస్త్రాల పరిభాషకు ఉర్దూ మాటలు కూర్చారు. నేడు మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నల్లగొండలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. అక్కడి విద్యార్థులు ఇంగ్లీషులో చదివి, రోగితో తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడతారు. దమ్ము అన్న ఒక్క మాటలో రోగి ఎన్ని రకాల ఆయాసాలను చెప్పగలడో వారికి తెలియాలి.

మోర్గాని దీర్ఘాయుష్మంతుడు. ఎనభై దాటినా బోధన మానలేదు. పెద్దప్రేగు చివరి మడతలకు, బాగా ముదిరి కరిగిపోయిన కంటి శుక్లానికి, మరి కొన్ని శరీర భాగాలకు ఆయన పేరు నిలిచింది. భార్య ఆయనకంటే ముందే గతించింది. 1771వ సంవత్సరం డిసెంబరు మొదటి వారంలో, తొంభయ్యవ ఏట, పడువాలోనే ఆయన కన్నుమూశాడు.

ఈ వివరాలలో కొన్నింటిని మేము తరువాత మా పెద్దాయనకు చెప్పాము. పదిహేనుమంది పిల్లలన్న మాట దగ్గర ఆయన నవ్వాడు. తలకు దెబ్బ తగిలినవాని ఛాతీ ఎందుకు తెరిచాడన్న చోట చాలాసేపు ఆలోచించాడు. శస్త్రచికిత్సలో ప్రేగును కిందికి దింపి, రంధ్రానికి వల అతికారు. ఆరవనాడు ఇంటికి పంపారు. బరువు ఎత్తవద్దని చెప్పారు గనుక మళ్ళీ పనికి పోలేదు. మరుసటి చైత్ర పౌర్ణమికి మాత్రం నల్లమల లోయలోని సలేశ్వరం జాతరకు వెళ్ళి, ఆ రాళ్ళదారి దిగి, తిరిగి ఎక్కి వచ్చాడు.